కంపోస్టు కోసం కొన్న ష్రెడర్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఆకులను, కొమ్మలను ముక్కలు చేసే ఈ ష్రెడర్ యంత్రం మీద నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. అయినా డబ్బు వెనక్కి ఇచ్చి పట్టుకుపోతామంటే మాత్రం ఒప్పుకోను. పెరటి చెత్తను ఎరువు చేసుకోవాలని ముచ్చటపడేవారు ముందు డబ్బా కొంటారు, తరువాత ఏదో పొడి కొంటారు, ఆ తరువాత సీసాలో ద్రావణం కొంటారు, చివరికి విసిగిపోయి చెత్తకు నిప్పు పెడతారు. డబ్బు పెట్టదలిస్తే ముక్కలు చేసే పని మీద పెట్టాలి, మిగతావన్నీ తరువాత. అంతా చదివే ఓపిక లేనివారు ఇక్కడితో ఆగిపోవచ్చు, నేను చెప్పదలచింది ఇదే.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే యంత్రం ఎరుపు రంగులో ఒక పేరుతో, ఆకుపచ్చ రంగులో ఇంకో పేరుతో అమ్ముతున్నారు కాబట్టి పేరు పట్టుకుని వెతికి లాభం లేదు. కొండగుర్తులు చెబుతాను: 2,500 వాట్ల మోటారు, పైన పొడవాటి ప్లాస్టిక్ నోరు, కింద రెండు చక్రాలు, ముక్కలు పడటానికి గుడ్డ సంచి, లోపల గుండ్రటి ఇనుప పళ్లేనికి బిగించిన రెండు బ్లేడ్లు. బరువు 12 కిలోలు. నేను కొన్నప్పుడు ధర 18,500 రూపాయలు. ఇందులోనే రోలర్ రకం ఒకటి ఉంది. అది నెమ్మదిగా తిరుగుతూ కొమ్మను నలిపి లాక్కుంటుంది, చప్పుడు తక్కువ, బరువూ ధరా దీనికి రెట్టింపు. కొమ్మలు ఎక్కువగా ఉన్నవారికి అది మేలు. ఆకు ఎక్కువగా ఉన్నవారికి ఈ బ్లేడ్ల రకమే నయం, ఎందుకంటే రోలర్ ఎండుటాకును నలపదు, అలాగే బయటకు తోసేస్తుంది.

మాది గోదావరి జిల్లా. పెరట్లో ఒక కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి, మూడు కొబ్బరి చెట్లు, గేటు దగ్గర కానుగ, జామ, మందారాలు, ప్రహరీ పొడవునా ముళ్ల కాగితం పూల తీగ. మాఘంలో కానుగ ఆకు రాలుస్తుంది, మామిడి ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటుంది, వానాకాలం పోగానే కాగితం పూలను కత్తిరించక తప్పదు. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తోట చెత్తను ఇంటి ఆవరణలోనే విడిగా ఉంచుకోవాలి, తగలబెట్టకూడదు. మా వీధిలో ఆ సంగతి తెలిసినవారు తక్కువ, తెలిసి పాటించేవారు ఇంకా తక్కువ. సాయంత్రం ఏదో ఒక ఇంటి ముందు పొగ లేవకుండా ఉండదు.

ఇక ముక్కలు ఎందుకు చేయాలి? మామిడాకును చేతిలోకి తీసుకుని చూడండి. పైన మైనం పూత, లోపల గట్టి ఈనె. నీళ్లు పోస్తే జారిపోతాయి. గుట్టగా వేస్తే ఆకు మీద ఆకు అతుక్కుని పలకలు కట్టి, మధ్యలోకి గాలి పోదు. ఏడాది తరువాత తిరగేస్తే అడుగున కొంచెం నల్లబడి, మధ్యలో ఆకులు ఆకుల్లాగే ఉంటాయి. ఆకును తునకలు చేస్తే మైనం పూత ప్రతి అంచు దగ్గరా తెగుతుంది, సూక్ష్మజీవులు అక్కడి నుంచి లోపలికి దూరతాయి. ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. ఆంగ్లేయ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుంచి 1931 వరకు మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌లో పనిచేస్తూ, ఇప్పుడు మనం ఇండోర్ పద్ధతి అంటున్న కంపోస్టు విధానాన్ని తయారుచేసినప్పుడు ఆయనకు ఎదురైన చిక్కు పత్తి కట్టె. అది చీకదు, మగ్గదు. ఆయన వాటిని క్షేత్రంలోని బండి బాటల మీద పరిపించాడు. ఎద్దుల గిట్టలు, బండి చక్రాలు తొక్కి నలగ్గొట్టిన తరువాతే గుట్టలో వేయించాడు. మా ఇంటి ముందు ఎద్దుబండ్లు తిరగవు కాబట్టి 18,500 పెట్టవలసి వచ్చింది.

యంత్రంలో ఏది బాగా నలుగుతుందంటే కానుగ. లేత కొమ్మలు ఆకులతో సహా నోట్లో పెడితే చేయి వదలకముందే లాక్కుంటుంది. కింద సంచిలో పడేది ముక్కలని కూడా అనలేం, పచ్చటి తడి పొట్టు. కానుగ రెమ్మను పచ్చిరొట్టగా మన రైతులు పొలంలో తొక్కించడం ఊరికే కాదు, దానిలో నత్రజని ఎక్కువ. ఆ పొట్టును తట్టలో ఉంచి మరిచిపోతే రాత్రికే వేడెక్కి చిరుచేదు వాసన వేస్తుంది. ఎండిన మామిడాకు కూడా గొప్పగా నలుగుతుంది, కరకరలాడుతూ నాణెమంత తునకలు అవుతుంది. అయితే బాగా ఎండి ఉండాలి. వాన తడిసిన మామిడాకు వేస్తే అడుగున పేస్టులా పేరుకుని దారి మూసేస్తుంది. అప్పుడు మోటారు ఆపి, ప్లగ్గు తీసి, పైనున్న పెద్ద మర విప్పి, పుల్లతో గీకవలసిందే. పై మూత పూర్తిగా బిగిస్తేనే మోటారు తిరిగే ఏర్పాటు ఉంది. అది మంచి ఏర్పాటు, కానీ దారి మూసుకున్నప్పుడల్లా ఆ మర విప్పి బిగించేసరికి అరచేయి మండుతుంది.

కాగితం పూల తీగ విషయంలో మాత్రం ఈ యంత్రానికి దండం పెట్టాలి. ఆ ముళ్ల కొమ్మలను ఎవరూ ముట్టుకోరు. తోటపని చేసే అబ్బాయి వాటిని కోస్తాడు కానీ ఎత్తడు, "వాటి జోలికి రాను అమ్మగారూ" అని ముందే చెప్పేస్తాడు. తోలు చేతి తొడుగులు వేసుకుని మొదలు వైపు నుంచి యంత్రంలోకి పెడితే ముల్లూ కొమ్మా కలిసి నలిగిపోతాయి. రెండు నెలలు గుట్టలో ఉన్నాక ఆ ముళ్లను వెతికినా దొరకవు.

ఇక మొదటి ఫిర్యాదు కొబ్బరి. యంత్రం వచ్చిన డబ్బా మీద అన్ని రకాల తోట చెత్తకూ పనికొస్తుందని రాసి, పక్కనే తాటి జాతి ఆకు బొమ్మ కూడా వేశారు. అది శుద్ధ అబద్ధం. కొబ్బరాకు నారలా చీలి పళ్లెం కింది ఇరుసుకు చుట్టుకుంటుంది. మోటారు మూలిగి ఆగిపోతుంది. మట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు, నోట్లో పట్టదు. కొబ్బరాకును యంత్రం దరిదాపులకు తేకండి. ఈనెలు చీపుర్లకు తీసుకుని, మిగిలినదాన్ని చెట్టు మొదట్లో నేల మీద పరిస్తే తేమ నిలబడుతుంది, నిదానంగా అదే మట్టిలో కలుస్తుంది. అరటి బోదె, అరటాకు కూడా ఇంతే, నారా నీరూ కలిసి లోపల జిగురు పాకం అవుతుంది. పూజ పూలు వేసేవారు దారాలు తీసి వేయాలి.

రెండో ఫిర్యాదు కొమ్మ లావు. 45 మిల్లీమీటర్ల కొమ్మ వరకు నలుగుతుందని డబ్బా మీద ముద్రించారు. పచ్చి మునగ కొమ్మ అయితే నలుగుతుందేమో. ఎండు జామ కొమ్మ మాత్రం బొటనవేలి లావు దాటితే యంత్రం ఎగిరెగిరి పడుతుంది, బ్లేడు అంచు పోతుంది. బ్లేడ్లను తిరగేసి బిగించుకుంటే రెండో అంచు వాడుకోవచ్చు, అది మంచిదే. కానీ కొత్త బ్లేడ్లు కావాలని ఫోను చేస్తే సంస్థవారు వారం అన్నారు, తరువాత పై వారం అన్నారు, చివరికి ఊళ్లో సాన పట్టే అతను పదును పెట్టి ఇచ్చాడు. నిజానికి కొత్తవాటికన్నా ఆ పదునే ఎక్కువ రోజులు నిలిచింది.

చప్పుడు గురించి ఎంత చెప్పినా తక్కువే. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసి "ఏమ్మా, ఇంట్లో పిండిమర పెట్టావా?" అన్నారు. మధ్యాహ్నం నిద్రపోయే వీధిలో దీన్ని ఆడించడం మర్యాద కాదు. ఉదయం పది తరువాత, భోజనాల వేళ లోపల ముగించుకోవాలి. చెవులకు దూది సరిపోదు, చెవి మూతలు కొనండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఎండు పుల్ల తునక నోటిలోంచి వెనక్కి ఎగిరి వస్తుంది. చీర కట్టుకున్నవారు కొంగు నడుముకు గట్టిగా చుట్టి దోపాలి, చున్నీ అయితే తీసి పక్కన పెట్టాలి, గాజులు జాగ్రత్త. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఇవేవీ లేవు. అందులో బొమ్మలన్నీ బూట్లు, ప్యాంటు వేసుకున్న మగవాళ్లవే.

కరెంటు సంగతి. 2,500 వాట్లంటే సుమారు 11 ఆంపియర్లు. ఫ్రిజ్‌కూ ఏసీకీ వాడే 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి. పెరట్లోకి వైరు లాగాలంటే సన్నటి ఎక్స్‌టెన్షన్ పనికిరాదు, చుట్ట చుట్టి ఉంచితే చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో మన పొడవుకు తగ్గట్టు చేయించుకోవాలి. ఆ ఖర్చు ధరలో కలుపుకుని లెక్క వేసుకోండి. బిల్లు మాత్రం భయపెట్టదు, గంటసేపు ఆపకుండా ఆడిస్తే రెండున్నర యూనిట్లు. గంటసేపు ఆపకుండా ఆడించే ఓపిక ఎవరికీ ఉండదు లెండి.

యంత్రం నుంచి వచ్చిన తునకలను ఎక్కడ వేయాలన్నదానికి ఖరీదైన డబ్బా అక్కర్లేదు. ఇనుప వస్తువుల దుకాణంలో దొరికే కంచె జాలిని గుండ్రంగా చుట్టి తీగతో కట్టించాను. అడ్డం ఒక మీటరు, ఎత్తు నాలుగడుగులు. లోపల దాదాపు ఒక ఘనపు మీటరు పడుతుంది. ఆ పరిమాణం ముఖ్యం, అంతకన్నా బాగా చిన్నదైతే గుట్ట తన వేడిని తాను నిలుపుకోలేదు. ఎండుటాకుల్లో నత్రజని ఒక పాలుంటే కర్బనం 40 నుంచి 80 పాళ్లు ఉంటుంది. గుట్ట చురుగ్గా మగ్గాలంటే అది 25, 30 దగ్గరకు రావాలి. అందుకే మూడు తట్టల ఎండు తునకలకు ఒక తట్ట కానుగ పొట్టు, దాని మీద బకెట్టు పేడనీళ్లు. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య తడి మెరవాలి, ధారగా కారకూడదు. అంత తేమ ఉంటే చాలు.

ఇలా పేర్చిన గుట్టలో ఇనుప చువ్వ దించి కొంతసేపు ఉంచి తీస్తే పట్టుకోలేం. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరు పెట్టి చూస్తే 60 డిగ్రీలు దాటింది. 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలబడితే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. అయితే ఆ వేడి మధ్యలోనే ఉంటుంది, అంచుల్లో ఉండదు కాబట్టి లోపలిది బయటకు, బయటిది లోపలికి తిరగేయాలి. తుంగ గడ్డలు, గరిక వేళ్లు మాత్రం గుట్టలో వేయకండి. ముందు సిమెంటు గచ్చు మీద కరకరలాడేలా ఎండబెట్టి, ఆ తరువాతే. వయ్యారిభామ అయితే పూత రాకముందు పీకినదే వేయాలి. ఈ పద్ధతిలో మామిడాకు మూడు నాలుగు నెలల్లో నల్లటి పొడి అవుతోంది. ముక్కలు చేయకుండా వేసిన రోజుల్లో ఏడాది దాటినా కానిది ఇది.

కొబ్బరి చెట్లున్నవారికి ఒక హెచ్చరిక. చెట్టు మొవ్వును తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది ఇలాంటి పేడ గుంతల్లో, మగ్గుతున్న చెత్తలోనే. తిరగేసేటప్పుడు తెల్లగా, లావుగా, సున్నా చుట్టినట్టు ముడుచుకున్న పిల్లపురుగులు కనిపిస్తే వానపాముల్లాగే మంచివనుకుని వదిలేయకండి. ఏరి పారేయాలి. నేను గచ్చు మీద పోస్తాను, గోరింకలు క్షణాల్లో ఖాళీ చేస్తాయి. ఎక్కువగా ఉంటే గుట్టలో మెటారైజియం అనే శిలీంధ్రం కలుపుతారు, అది ఆ పురుగులకు తెగులు తెప్పిస్తుంది. కోనసీమవారికి అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉండనే ఉంది, కొబ్బరి తెగుళ్ల గురించి అక్కడ అడగవచ్చు. గుట్టను తరచు తిరగేస్తూ వేడిగా ఉంచితే ఈ బెడద చాలా తగ్గుతుంది. చల్లబడి, నెలల తరబడి కదపకుండా వదిలేసిన గుట్టే పురుగుకు పురిటిల్లు.

మిగతా సరుకుల మాటకు వస్తే, ఎదురింటివారు ఇరుసు మీద తిరిగే ప్లాస్టిక్ పీపా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నారు. వంటింటి చెత్తకు అది బాగుంది. తోట చెత్తకు చాలదు, సగం నింపేసరికే బరువెక్కి తిరగడం మానేసింది, లోపల వేడి కూడా రాలేదు. కిలో 400 రూపాయలకు అమ్మే కంపోస్టు పొడి ఒకటి నేను కూడా వాడి చూశాను. పేడనీళ్లు పోసిన గుట్టకూ, పొడి వేసిన గుట్టకూ తేడా నాకు కనపడలేదు. ఏ మందూ లేకున్నా ముక్కలు చేసిన గుట్ట ముందు మగ్గింది, మందు వేసినా ముక్కలు చేయనిది వెనకబడింది. పేడ దొరకని పట్నంవారికి గాజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం రూపొందించిన వేస్ట్ డికంపోజర్ అనే సూక్ష్మజీవుల మందు చవక మార్గం. చిన్న సీసా, వచ్చిన కొత్తలో ధర 20 రూపాయలు. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లంతో కలిపి, రోజూ కలియబెడుతూ అయిదు నుంచి ఏడు రోజులు ఉంచితే ద్రావణం తయారవుతుంది. ఆ ధరకు దానితో పేచీ లేదు.

ఎరువు తయారైందో లేదో రంగు చూసి చెప్పలేం. నేను మెంతులతో చూస్తాను. ఒక గిన్నెలో ఎరువు, ఒక గిన్నెలో మామూలు మట్టి, రెండింటిలోనూ చెంచాడు మెంతులు. నాలుగు రోజుల్లో రెండూ ఒకేలా మొలిస్తే ఎరువు పండినట్టు. ఎరువు గిన్నెలో మొలకలు చివర మాడి, తక్కువగా వస్తే ఇంకో నెల ఆగాలి. పచ్చి ఎరువు మొక్కకు వేస్తే మట్టిలోని నత్రజనిని అదే తినేస్తుంది, ఆకులు పసుపెక్కుతాయి. బయట బస్తాల్లో కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష చేయండి. ఇంకొకటి, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ చెత్త కంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. బస్తా విప్పి పిడికెడు పిండితే నీళ్లు కారుతున్నాయంటే మీరు నీళ్లకు డబ్బు కడుతున్నట్టే.

మట్టి మారిందా అంటే మారింది. ఇల్లు కట్టేటప్పుడు లెవెలు కోసం పోయించిన ఎర్ర గ్రావెలు మాది. ఎండలో గునపం ఖంగుమనేది, వానకు నీళ్లు పైనే నిలిచేవి. ప్రహరీ వెంబడి రెండంగుళాల మందాన ఎరువు పరిచి, తవ్వకుండా పైన ఎండుటాకు కప్పాను. రెండు వానాకాలాలు గడిచాక అక్కడ చిన్న తాపీ సులువుగా దిగుతోంది, తీసిన గడ్డను వేళ్లతో చిదిపితే బఠాణీ గింజలంత ఉండలుగా విడిపోతోంది, ఒక్కో గడ్డలో వానపాము జాడ ఉంటోంది. ఎరువు పరచని మూల ఇప్పటికీ రాయిలాగే ఉంది. కుండీల్లో మాత్రం మూడో వంతుకు మించి కలపకండి. వట్టి కంపోస్టులో పెట్టిన మొక్కకు నేల కుంగుతూ పోతుంది, వేరు నిలవదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అబద్ధపు కొబ్బరి బొమ్మకు ఒకటి, దొరకని బ్లేడ్లకు అర మార్కు తీసేశాను. రెండు మూడు పెద్ద చెట్లు, కత్తిరించవలసిన ప్రహరీ తీగ ఉన్నవారు ధైర్యంగా కొనవచ్చు. మేడ మీద కుండీలున్నవారికి ఇది దండగ, వారికి కూరగాయల పీట, పాత కత్తి చాలు. నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒకటి కొనుక్కుంటే ఇంకా తెలివైన పని, ఏడాదిలో ఎక్కువ కాలం ఇది మూలన పడి ఉండేదే కదా. కొబ్బరి తప్ప వేరే చెట్టు లేనివారు అసలు దీని వైపు చూడకండి. పశువుల మేత కోసే, చేతితో తిప్పే చాఫ్ కట్టర్ వ్యవసాయ పనిముట్ల దుకాణంలో ఇందులో సగం కన్నా తక్కువకే వస్తుంది, కొబ్బరాకును మట్ట నుంచి వేరు చేసి పెడితే చిన్న ముక్కలుగా చకచకా కోస్తుంది. పిల్లలున్న ఇంట్లో అయితే దాని చక్రానికి తాళం వేసి ఉంచాలి. ఏది కొన్నా, డబ్బు కట్టే ముందే అదనపు బ్లేడ్లు రెండు జతలు పెట్టెలో పెట్టించుకోండి.